పండుగల్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి: క్రైస్తవ కుటుంబాలకు ఒక అత్తగారి సలహా

ఈ మాట డిసెంబరులో ఎత్తకండి. ఇంటి మీద నక్షత్రం కట్టేశాక, కేరల్స్ వాళ్లు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టే రోజుల్లో "అసలు చెట్టు పెట్టాలా వద్దా" అని మొదలుపెడితే ఎవరో ఒకరు కన్నీళ్లు పెట్టుకోవడం ఖాయం. మేము సంక్రాంతి వెళ్లిపోయి, అరిసెల డబ్బా అడుగంటాక, లెంటు, అంటే ఈస్టరు ముందు వచ్చే ఉపవాస కాలం, మొదలయ్యే లోపు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటాం. పండుగలన్నీ అప్పుడే గడిచి ఉంటాయి. ఏది సంతోషం ఇచ్చిందో, ఏది ఒట్టి టెన్షన్ పెట్టిందో అందరికీ గుర్తుంటుంది.

మాది తెనాలి దగ్గర లూథరన్ కుటుంబం. కోడలు బ్రదరన్ సమాజం నుంచి వచ్చింది, వాళ్ల పుట్టింట్లో క్రిస్మస్ చేయరు. అల్లుడు కతోలికుడు. ముగ్గురం నమ్మేది ఒకే యేసును, క్యాలెండర్లు మాత్రం మూడు. అందుకే కూర్చునేటప్పుడు మగవాళ్లు నిర్ణయించి ఆడవాళ్లకు చెప్పే పద్ధతి పెట్టుకోలేదు. పిండి దంచేది, ఇల్లు కడిగేది, చుట్టాలకు అన్నం పెట్టేది ఎవరో వాళ్ల మాట ముందు వినాలి. పదేళ్లు దాటిన పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

ఇక అసలు పని. పండుగను మొత్తంగా పట్టుకుని "చేద్దామా, వద్దా" అనుకుంటే ఎప్పటికీ తేలదు. దాన్ని ముక్కలు చేయండి. సంక్రాంతినే తీసుకోండి. అందులో భోగి మంట ఉంది, భోగిపళ్లు ఉన్నాయి, ముగ్గు, గొబ్బెమ్మలు, పాలు పొంగించడం, హరిదాసు, గంగిరెద్దు, అరిసెలు, కొత్త అల్లుడి మర్యాదలు, పెద్దలకు బట్టలు పెట్టడం, కనుమ నాటి మాంసం, గారెలు ఉన్నాయి. ఒక్కోదాన్ని విడిగా కాగితం మీద రాసి ఒకటే ప్రశ్న అడగండి: ఇది ఎవరికి చేస్తున్నాం? తినే మనిషికా, ఇంటికొచ్చిన చుట్టానికా, లేక మొక్కడానికా?

మా ఇంట్లో ఇలా తేలింది. అరిసెలు ఉంచుకున్నాం, నిజానికి వాటి మీద చర్చే లేదు. కొత్త బియ్యం, కొత్త బెల్లం వచ్చే కాలం అది, వండుకుని ఇరుగుపొరుగుకు పంచుతాం. ముగ్గు ఉంచుకున్నాం, గొబ్బెమ్మలు పెట్టం. గొబ్బెమ్మను పసుపు కుంకుమలతో పూజిస్తారు, అది మన పూజ కాదు. వాకిట్లో పిండితో గీసే గీత ఎవరికీ మొక్కడం కాదు. పాలు పొంగించి సూర్యుడికి చూపించం. భోగిపళ్లు దిష్టి పోవడానికి పోస్తారు కాబట్టి వదిలేశాం, రేగుపళ్లు మాత్రం పిల్లలు కావలసినన్ని తింటారు. హరిదాసు వస్తే బియ్యం పోస్తాం. పాడుకుంటూ వచ్చిన ముసలాయన గిన్నెలో బియ్యం పోయడానికి నాకు ఏ వచనమూ అడ్డు రాలేదు. ఈ ఒక్క విషయంలో మా ఆయన, నేను ఇంకా ఏకీభవించలేదు, అయినా బియ్యం పోస్తూనే ఉన్నాను.

ఏదైనా వదిలేస్తే ఆ చోటు ఖాళీగా ఉంచకండి. పెద్దలకు బట్టలు పెట్టడం మానేస్తే, చనిపోయిన మీ అత్తగారినీ మామగారినీ తలచుకునే రోజు ఇంకేది? మేము నవంబరు 2న సమాధుల పండుగ గట్టిగా చేసుకుంటాం. ముందు రోజే కలుపు పీకి, సున్నం కొట్టించి, సాయంత్రం బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ప్రార్థన అయ్యాక ఎవరు ఎవరో పిల్లలకు పేరు పేరునా చెబుతాం. మా కోడలు కొవ్వొత్తి వెలిగించదు, కానీ సున్నం కొట్టే దగ్గర అందరికంటే ముందుంటుంది. పంట విషయం కూడా అంతే. మీ చర్చిలో కోత పండుగ ఉంటే దాన్ని నిలబెట్టండి. గుమ్మడికాయలు, ధాన్యం, కోళ్లు తెచ్చి ఇవ్వడం, ఆరాధన అయ్యాక వేలం పాటలో ఒక సొరకాయ వంద రూపాయలు దాటి పలకడం పిల్లలు చూడాలి. ద్వితీయోపదేశకాండము 26లో ప్రథమ ఫలాల గంప గురించి ఉంది, ఆ రోజు అది చదివించండి.

సంక్రాంతినే అలా జల్లెడ పట్టి క్రిస్మస్‌ను వదిలేస్తే అన్యాయం. మన ఊళ్ల నుంచి వచ్చినవన్నీ అనుమానం, మిషనరీలతో వచ్చినవన్నీ పవిత్రం అనుకునే అలవాటు మన సంఘాల్లో చాలామందికి ఉంది. మా లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చింది 1842లో. క్రిస్మస్ చెట్టు లాంటివి అలా బయటి నుంచి వచ్చినవే, బైబిల్లో లేవు. డిసెంబరు 25 కూడా లేదు. ఆ తేదీన పండుగ చేసినట్టు రోములో దొరికే తొలి ఆధారం 336 నాటిది. ఈ మాట మా కోడలు మొదటిసారి అన్నప్పుడు ఇంట్లో అందరం మౌనంగా ఉండిపోయాం, ఎందుకంటే అది నిజం. అటువైపు చూస్తే, దోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్‌లో గుడి మండపం లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు ఉన్నాయి. మనం పాడే పాత కీర్తనల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికంటే ఇప్పుడు దానితో ఏం చేస్తున్నామన్నదే నేను చూస్తాను.

చివరకు మేము సరుగుడు కొమ్మ ఉంచుకున్నాం, బాపట్ల వైపు నుంచి వస్తుంది, పిల్లలకు ఇష్టం. నక్షత్రం, కేరల్స్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉంచుకున్నాం. వదిలింది అప్పు చేసి బట్టలు కొనడం. ఇంటిల్లిపాదికీ జత చొప్పున అని వడ్డీకి తెచ్చి, ఈస్టరు దాకా కట్టిన రోజులు మా వీధిలో చాలా ఇళ్లలో ఉన్నాయి. పిల్లలకు, పనిమనిషి పిల్లలకు కొంటాం, పెద్దవాళ్లు ఉన్నవే ఉతికి ఇస్త్రీ చేసి కట్టుకుంటారు.

ఇంట్లో ఒకరు ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. రోమా 14వ అధ్యాయం ఆ రోజు కలిసి చదవండి. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, మరొకడు అన్ని రోజులనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోవాలి అని ఉంది అక్కడ. మా కోడలు చెట్టు దగ్గర నిలబడి ఫోటో దిగదు, మేము అడగం. "అమ్మ ఎందుకు రాదు నాయనమ్మా" అని మనవరాలు అడిగితే అమ్మనే అడగమంటాను. ఆమె జవాబు ఆమె చెబుతుంది, నాది నేను చెబుతాను. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మరియమాత ఉత్సవాలకు అల్లుడి వాళ్లు మనవడిని తీసుకెళ్లి తలనీలాలు ఇస్తామంటే, అది వాళ్ల ఇంటి నిర్ణయం అని ఊరుకున్నాం.

పక్కింటి పిన్నిగారు వినాయక చవితికి ఉండ్రాళ్లు పంపితే ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్న. ఏం చేసినా గుమ్మంలో వాదన పెట్టకండి. తినని వాళ్లు "పిన్నిగారూ, మేము నైవేద్యం పెట్టినది తినం, పెట్టకముందు తీసి ఉంచితే సంతోషంగా తింటాం" అని పండుగకు చాలా ముందే, మామూలు రోజున, మెల్లగా చెప్పాలి. మా పిన్నిగారు ఇప్పుడు విడిగా తీసి ఉంచుతారు. క్రిస్మస్‌కు మా కేకు గుడ్డు లేకుండా చేసి వాళ్లకు పంపుతాం.

నిర్ణయించుకున్నవి ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి, లేకపోతే మరుసటి ఏడాది మళ్లీ అదే గొడవ. కొత్త కోడలో అల్లుడో ఇంటికి వస్తే మొదటి ఏడాది ఏమీ మార్చకుండా వాళ్లను చూడనివ్వండి. రెండో ఏడాది ఆ నోటుబుక్కు వాళ్ల చేతికిచ్చి, ఏది ఇబ్బందిగా ఉందో అడగండి.