రేసులో ఇంధనం పొదుపు చేయడం ఎలా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ‘ఫార్ములా-ఈ’ కరెంటు కార్ల రేసు చూసినవాళ్లకు ఒక డౌటు వచ్చే ఉంటుంది. మలుపు ఇంకా రాకముందే డ్రైవర్లు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఎందుకు తీస్తారు? బ్యాటరీలోని కరెంటు రేసంతా ఫుల్ స్పీడుకు చాలదు, అందుకని. పెట్రోల్ కార్లలోనూ ఇదే గొడవ. ఇంట్లో సిమ్యులేటర్ (కంప్యూటర్ రేసింగ్ గేమ్) మీద గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులు నడిపేవాళ్లు ఇలా చేసి చూడండి.

ముందు లెక్క తేల్చుకోండి. ట్యాంకులో 50 లీటర్లున్నాయి, ఇంకా 20 ల్యాపులు (ట్రాక్ చుట్టూ రౌండ్లు) నడపాలి అనుకుందాం. ల్యాపుకు 2.6 చొప్పున తాగితే 52 కావాలి. ఒక లీటరు పక్కన పెట్టి, మిగతా 49ని 20తో భాగిస్తే 2.45. అంటే ల్యాపుకు 0.15 లీటరు తగ్గించాలి. ఆ లీటరు ఎందుకంటారా? 2021 హంగేరీ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ రేసులో సెబాస్టియన్ వెటెల్ రెండో స్థానంలో వచ్చాడు. రేసయ్యాక పరీక్షకు లీటరు ఇంధనం ఇవ్వాలి, కారులోంచి 0.3 లీటరే తీయగలిగారు. చేతికొచ్చిన స్థానం పోయింది.

తర్వాత, పొదుపు గిట్టుబాటవుతుందా అని చూడండి. ల్యాపుకు 0.3 సెకను పోతే 20 ల్యాపులకు 6 సెకన్లు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన ఇంధనం నింపుకునే చోటికి) వెళ్లొస్తే 30 సెకన్లు పోతాయనుకుంటే, పొదుపే నయం. అమెరికాలో జరిగే ఇండీ 500 రేసులో 2016లో అలెగ్జాండర్ రోసీ చివరి 36 ల్యాపులు ఒకే ట్యాంకుతో లాగి, ఇంధనం అయిపోయిన కారుతోనే గీత దాటి గెలిచాడు.

ఇక అసలు పని, కాలు తీయడం. స్ట్రెయిట్ (మలుపుల్లేని దారి) చివర్లోనే తీయండి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు విపరీతంగా పెరుగుతుంది, ఇంజిన్ తాగేదంతా దాదాపు దానికే పోతుంది. ఎలాగూ బ్రేక్ వేయబోతున్నారు కాబట్టి అక్కడ పోయే టైమ్ తక్కువ. మలుపుకు 100 మీటర్ల దూరం చూపే బోర్డు దగ్గర బ్రేక్ వేసేవాళ్లయితే 150 దగ్గర కాలు తీయండి, బ్రేక్ 90 దగ్గర వేయండి. అప్పటికే వేగం తగ్గి ఉంటుంది కదా. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు, ఆ నష్టం స్ట్రెయిట్ పొడవునా వెంటాడుతుంది.

కాలు తీసినా గేర్‌లోనే ఉండాలి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు మనవాళ్లు న్యూట్రల్ చేసి పెట్రోల్ మిగిలిందనుకుంటారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేర్‌లో ఉండగా కాలు తీస్తే ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఎంతో కొంత తాగుతాయి.

గేరు కాస్త ముందే మార్చడం, ముందు కారు వెనక గాలిచాటున నడపడం కూడా పనికొస్తాయి. కాకపోతే చాటున ఎక్కువసేపుంటే ఇంజిన్‌కు, బ్రేకులకు చల్లగాలి అందదు. మెల్లగా పోతే టైర్లు చల్లబడి పట్టు తగ్గుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వెనకున్నవాడు. మీరు కాలు తీసే చోటే అతను లోపలివైపు దూరతాడు. అతను దగ్గరికొస్తే ఆ ల్యాపు పొదుపు మానేయండి. వెనక ఖాళీ ఉన్నప్పుడు, ప్రమాదం జరిగితే అందరినీ మెల్లగా నడిపించే సేఫ్టీ కారు వచ్చినప్పుడు ఆ పొదుపు రాబట్టుకోండి. చివరి ల్యాపుల్లో లెక్కకు మించి మిగిలిందా, ఖర్చు పెట్టేయండి. ముందుగా ఓవర్‌టేక్ జరిగే మలుపు దగ్గర కాలు తీయడం ఆపండి, తర్వాతే మిగతా మలుపులు.