విశాఖ, అరకు యాత్రకు గైడ్ పుస్తకం కొనే ముందు జాగ్రత్తలు

ముందు ముద్రణ సంవత్సరం చూడండి. అట్ట కొత్తగా ఉన్నా లోపలి విషయం పాతదే కావచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అరకు, బొర్రా గుహలు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, బౌద్ధ క్షేత్రమైన బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. ఇవన్నీ విశాఖ జిల్లాలోనే ఉన్నాయని రాసిన పుస్తకంలో టికెట్ ధరలను, ఫోన్ నంబర్లను నమ్మవద్దు. ఇంకో గుర్తు: బీచ్ రోడ్డు పేజీలో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉండి, దాని ఎదురుగా 2017లో వచ్చిన టీయూ-142 విమాన మ్యూజియం లేకపోతే అది పాత సరుకే.

పటాన్ని దుకాణంలోనే విప్పి చూడండి. నేను కొన్న ఒక పుస్తకంలో అరకు దారిలోని అనంతగిరి ఘాట్ మలుపులన్నీ సరిగ్గా కుట్టులోకి వెళ్లిపోయాయి. కారులో పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి కావలసింది ఆ మలుపులే!

బొర్రా గుహల్లో మెట్లున్నాయని, లోపల తడిగా ఉంటుందని రాశారా? మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఆ ఒక్క వాక్యం ఎంతో మేలు చేస్తుంది.

సింహాచలం పేజీ తప్పక చదవండి. చందనం పూత లేకుండా స్వామి నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. అది తిథిని బట్టి వస్తుంది కాబట్టి, పుస్తకంలో ఒకే తేదీ ఇచ్చి ఊరుకుంటే పంచాంగం చూసుకోండి.

విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు వేళలను మాత్రం ఏ పుస్తకం నుంచీ తీసుకోవద్దు, రైల్వే విచారణలో అడగండి. కొండల్లో ఫోను సిగ్నల్ అన్నిచోట్లా అందదు. కావలసిన పేజీలను ముందే ఫొటో తీసి ఉంచుకోండి.