కాలిఫోర్నియాలో మెకానిక్స్ లీన్: సబ్‌కాంట్రాక్టర్ బకాయి వసూలుకు పనిచేసిన పద్ధతి

బిల్లు ఆగాక లీన్ (బకాయి కోసం పని జరిగిన ఆస్తిపై నమోదు చేయించే హక్కు) గురించి ఆలోచిస్తే సగం ఆట అయిపోయినట్టే. పని మొదలైన 20 రోజుల్లోపు ప్రిలిమినరీ నోటీసు (ఈ పనిలో మీరూ ఉన్నారని, డబ్బు రాకపోతే లీన్ వేయవచ్చని ముందే తెలిపే కాగితం) ఓనరుకి, మెయిన్ కాంట్రాక్టరుకి, లోన్ ఇచ్చిన బ్యాంకుకి సర్టిఫైడ్ మెయిల్‌లో వెళ్లాలి. ఆలస్యమైనా పంపండి, కాకపోతే నోటీసుకు ముందు 20 రోజుల్లో చేసిన పనికి, ఆ తర్వాతి పనికి మాత్రమే హక్కు మిగులుతుంది.

లీన్ రికార్డు చేయడానికి గడువు పని పూర్తయ్యాక 90 రోజులు. అసలు చిక్కు ఇక్కడే: ఓనర్ నోటీస్ ఆఫ్ కంప్లీషన్ (పని పూర్తయిందన్న ప్రకటన) రికార్డు చేయిస్తే సబ్‌కాంట్రాక్టర్‌కి 30 రోజులే, మెయిన్ కాంట్రాక్టర్‌కి 60. కాబట్టి పని ముగింపుకొచ్చాక కౌంటీ రికార్డర్ ఆఫీసులో (ఆస్తి పత్రాలు నమోదయ్యే చోటు) తరచూ చూస్తుండాలి. ప్రిలిమినరీ నోటీసు ఇచ్చినవారికి ఓనర్ 10 రోజుల్లో ఈ సంగతి తెలపాలి. తెలపకపోతే 90 రోజుల గడువే వర్తిస్తుంది.

లీన్ ఫారంలో ముట్టిన సొమ్ము తీసేసి మిగిలిందే రాయాలి. ఎక్కువ రాయడం తెలివి కాదు. ఓనరుకి కాపీ పంపినట్టు ప్రూఫ్ ఆఫ్ సర్వీస్ అఫిడవిట్ జతచేయకపోతే లీన్ చెల్లదు.

రికార్డయిన 90 రోజుల్లో కోర్టులో దావా వేయాలి. చర్చల పేరుతో ఓనర్ సాగదీసేది ఈ గడువు దాటించడానికే.