తేదీల పేర్లతో ఉన్న పాత ఫోల్డర్లను తొలగించే ప్రోగ్రామ్ రాసేవారికి జాగ్రత్తలు

రోజూ రాత్రి బ్యాకప్ తీసే సర్వర్‌లో 2025-03-14, 2025-03-15 అంటూ రోజుకొక ఫోల్డర్ చేరుతూ ఉంటుంది. కొన్నాళ్లకు డిస్క్ నిండుతుంది. అప్పుడు ఎవరో ఒకరు 30 రోజులు దాటిన ఫోల్డర్లను తీసివేసే చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్ రాయడానికి పూనుకుంటారు. పని చిన్నదే, కానీ కమాండ్ లైన్ నుంచి తొలగించినది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు. పైగా ఈ ప్రోగ్రామ్, నిర్ణీత వేళకు పనులను తనంతట తానే నడిపే క్రాన్ ద్వారా, ఎవరూ చూడని వేళలో నడుస్తుంది. అందువల్ల ఇందులో దేన్ని తొలగించాలో చెప్పే వరుసల కంటే దేన్ని ముట్టుకోకూడదో చెప్పే వరుసలే ఎక్కువగా ఉండాలని నా నిశ్చితాభిప్రాయం.

కోడ్ రాయకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఆ 30 రోజుల గడువును ఎవరు నిర్ణయించారు? మన దేశంలో కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాల పాటు భద్రపరచాలి. జీఎస్‌టీ రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలి. ఆ లెక్కలకు ఈ బ్యాకప్ ఫోల్డర్లే ఏకైక ప్రతి అయితే మార్చి 31 నాటి ఫోల్డర్‌ను, బహుశా ప్రతి నెలాఖరు ఫోల్డర్‌ను కూడా, ప్రోగ్రామ్ వదిలిపెట్టాలి. ఈ సంగతి అకౌంట్స్ చూసేవారిని అడిగి, వారి జవాబును రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఫోల్డర్ వయసును దాని పేరులోని తేదీ నుంచే లెక్కించాలి, ఫైల్ సిస్టమ్ చూపే మార్పు సమయం నుంచి కాదు. ఫోల్డర్‌లోకి కొత్త ఫైల్ వచ్చినప్పుడో, ఉన్న ఫైల్ పోయినప్పుడో ఆ సమయం మారుతుంది. లోపల ఉన్న ఫైల్‌లోని సమాచారాన్ని దిద్దితే మాత్రం అది మారదు. సమయాలను కాపాడే ఆప్షన్ ఇవ్వకుండా అంతటినీ కొత్త డిస్క్‌కు కాపీ చేస్తే పాతవన్నీ ఆ రోజే పుట్టినట్టు కనిపిస్తాయి. ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌ను వాడేవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. అందులో డిలీట్ అనే మాటను పేరు, వయసు షరతుల కంటే ముందు రాస్తే, అది ఆ షరతులను చూడకుండానే అన్నిటినీ తొలగిస్తుంది.

పేరును చదవడంలోనూ నిక్కచ్చితనం అవసరం. 03-04-2025 అని ఉంటే అది ఏప్రిల్ 3వ తేదీయో, మార్చి 4వ తేదీయో ప్రోగ్రామ్ ఊహించకూడదు. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో ఉన్న ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణ రూపాన్ని మాత్రమే అంగీకరించాలి. పైథాన్‌లో తేదీని చదివే స్ట్రిప్‌టైమ్ ఫంక్షన్ 2025-3-4ను కూడా తప్పు పట్టకుండా తీసుకుంటుంది కాబట్టి, ముందు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల అమరికను సరిపోల్చే నమూనాతో) పేరు మొత్తాన్ని సరిచూసి, ఆ తరువాత అది క్యాలెండర్‌లో నిజంగా ఉన్న తేదీయేనా అని చూడాలి. ఆ ఎక్స్‌ప్రెషన్‌లో అంకెల కోసం బ్యాక్‌స్లాష్ డి రాస్తే తెలుగు అంకెలతో ఉన్న ౨౦౨౫ కూడా సరిపోతుంది. కనుక సున్నా నుంచి తొమ్మిది వరకు అని విడిగా రాయడమే క్షేమం. ఎవరైనా 2025-03-14-ముఖ్యం అని పేరు మార్చి ఉంచారంటే, దాన్ని కావాలనే దాచారని అర్థం. రూపానికి సరిపడని ప్రతి పేరునూ వదిలేసి, వదిలేసినట్టు తెర మీద చూపాలి.

ఏ ఫోల్డర్‌లో వెతకాలో చెప్పే పాత్ ఖాళీగా వస్తే ఏమవుతుందో 2015 జనవరిలో లినక్స్ వాడుకరులు చూశారు. స్టీమ్ అనే గేమ్‌ల సాఫ్ట్‌వేర్ స్క్రిప్ట్‌లో ఇన్‌స్టాల్ ఫోల్డర్ పేరు ఉండవలసిన వేరియబుల్ ఖాళీ అయిన సందర్భంలో, దాని వెనుక ఉన్న స్లాష్, నక్షత్రం గుర్తు మాత్రమే మిగిలి, తొలగింపు ఆదేశం డిస్క్ మూలం నుంచి మొదలైంది. ఒక వాడుకరికి హోమ్ ఫోల్డర్‌తో పాటు తగిలించి ఉన్న బయటి డ్రైవ్‌లోని ఫైళ్లు కూడా పోయాయి. షెల్‌లో, అంటే కమాండ్లను నడిపే భాషలో, రాసేవారు వేరియబుల్ పేరు వెంట కోలన్, ప్రశ్నార్థకం చేర్చి రాస్తే, అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. ఇది చాలదు. పాత్‌ను పూర్తిగా విప్పి, అది డిస్క్ మూలమో హోమ్ ఫోల్డరో అయితే నిరాకరించాలి. బ్యాకప్ ఫోల్డర్‌లో ఒక గుర్తు ఫైల్ పెట్టి, అది కనిపించకపోతే పని మొదలుపెట్టకూడదు. నెట్‌వర్క్ డిస్క్ మౌంట్ కాని (సర్వర్‌కు జతకాని) రోజున కూడా ఈ గుర్తే కాపాడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది బ్యాకప్ ఆగిపోయిన పరిస్థితి గురించి. పాస్‌వర్డ్ మారడం వల్లనో, మరే కారణం వల్లనో కొత్త ఫోల్డర్లు రావడం ఆగిపోయిందనుకుందాం. తొలగించే ప్రోగ్రామ్ మాత్రం నియమం తప్పకుండా రోజుకొకటి తీసేస్తూ, 30 రోజులు గడిచేసరికి చివరి ప్రతిని కూడా ఊడ్చేస్తుంది. అందులో దోషం ఏమీ లేదు, చెప్పినట్టే చేసింది. అందుకే వయసు ఎంతైనా సరే, చివరి 7 ఫోల్డర్లను ఎప్పుడూ ఉంచాలనే షరతు తప్పనిసరి. ఆ ఏడింటి లెక్కలో ఖాళీ ఫోల్డర్లు చేరకూడదు, ఎందుకంటే విఫలమైన బ్యాకప్ కూడా తేదీ ఫోల్డర్‌ను సృష్టించి పోవచ్చు. బ్యాకప్ పూర్తయ్యాక చివరగా రాసే చిన్న ఫైల్ ఉన్నవాటినే లెక్కపెట్టాలి. సర్వర్ గడియారం తప్పి రెండేళ్లు ముందుకు పోతే అన్నీ పాతవిగానే కనిపిస్తాయి. కాబట్టి ఒకే విడతలో మామూలు కంటే ఎక్కువ ఫోల్డర్లు తొలగింపుకు వస్తే, ఏదీ తొలగించకుండా ఆగి కబురు పంపాలి.

ఆ కబురు చేరుతుందో లేదో కూడా చూసుకోవాలి. 2017 జనవరి 31న, కోడ్‌ను భద్రపరిచే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటాను తొలగించారు. ఆపేలోగా సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజువారీ బ్యాకప్ కోసం చూస్తే అది కొంతకాలంగా విఫలమవుతూనే ఉందని, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు తిరస్కరణకు గురయ్యాయని తేలింది. ఆరు గంటల ముందు తీసిన మరొక ప్రతి ఉండబట్టి నష్టం అంతటితో ఆగింది. ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే సర్వర్ పేరును, పూర్తి పాత్‌ను చూపించాలని నేను గట్టిగా చెప్పడానికి ఈ ఉదంతమే కారణం.

టైమ్‌జోన్ విషయం చిన్నది. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 వరకు దానికి ఇంకా నిన్నటి తేదీయే. పేరు పెట్టే స్క్రిప్ట్, తొలగించే ప్రోగ్రామ్ ఒకే టైమ్‌జోన్‌ను వాడితే చాలు.

ఏ ఆప్షన్ ఇవ్వకుండా నడిపినప్పుడు ప్రోగ్రామ్ జాబితా చూపి ఊరుకోవాలి. తొలగించడానికి విడిగా ఒక ఆప్షన్ అడగాలి. చూపే జాబితా, తొలగించే జాబితా ఒకే ఫంక్షన్ నుంచి రావాలి, లేకుంటే చూసినది ఒకటి, పోయేది మరొకటి అవుతుంది. వెంటనే చెరిపేయకుండా అదే డిస్క్‌లోని వేరొక ఫోల్డర్‌లోకి పేరు మార్చి జరిపి, వారం తరువాత తొలగిస్తే తప్పు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది, అయితే ఆ వారం పాటు డిస్క్‌లో చోటు ఖాళీ కాదు. సిమ్‌లింక్‌లను, అంటే వేరే చోటికి చూపే లింకులను, ముట్టుకోకూడదు. తొలగింపులో వచ్చిన ఎర్రర్లను మింగేసే ఆప్షన్ వాడకూడదు. రూట్ అధికారంతో, అంటే అన్నిటిపై హక్కున్న ఖాతాతో, నడపకూడదు.

పరీక్ష కోసం తాత్కాలిక ఫోల్డర్‌లో 2024-02-29, లేని తేదీ అయిన 2023-02-29, రాబోయే ఏడాది తేదీ ఒకటి, తేదీ పేరుతో ఉన్న మామూలు ఫైల్, బయటికి చూపే సిమ్‌లింక్, తెలుగు పేరున్న ఫోల్డర్ సృష్టించి, మొదటిది తప్ప (నెలాఖరు ఫోల్డర్లను వదిలే నియమం పెట్టుకుంటే అది కూడా ఉండాలి) మిగిలినవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయని సరిచూడాలి. చివరి ఏడింటి షరతు అడ్డు రాకుండా, ఇటీవలి తేదీలతో పూర్తయిన ఫోల్డర్లు ఏడు కూడా అక్కడ ఉంచాలి. ఆ తరువాత అసలు సర్వర్‌లో రెండు వారాల పాటు జాబితా మాత్రమే చూపేలా క్రాన్‌లో పెట్టి, రోజూ ఉదయం ఆ జాబితాను బ్యాకప్ బాధ్యత చూసేవారితో చదివించి, మిగలబోయే ఫోల్డర్లలో ఒకదాన్ని వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూశాకే తొలగింపు ఆప్షన్‌ను చేర్చాలి.