రన్నింగ్‌లో ఆగిపోయే పాత కారు: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర మా కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. 2004 మోడల్ పెట్రోల్ బండి. వెనకాల బస్సు హారన్, పక్క సీట్లో అమ్మకు టెన్షన్. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. నలుగురు కలిసి పక్కకు తోసిపెట్టారు. ఇరవై నిమిషాలు పోయాక తాళం తిప్పగానే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

గ్యారేజీకి తీసుకెళ్తే గంటసేపు నిక్షేపంగా నడిచింది. అనుమానం మీద ప్లగ్గులు మార్చారు. రెండు వారాలకు మళ్లీ ఆగింది. ఫ్యూయల్ పంప్ మార్చారు. మళ్లీ ఆగింది. చివరికి మడివాళలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కోలారు వైపు మనిషి, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడతారు. బానెట్ కూడా ఎత్తకుండా, "నడిచే బండిని తెచ్చి చూపిస్తే నేనేం చెప్పేది సార్? ఆగినప్పుడు మీరేం చూశారో అది చెప్పండి" అన్నారు.

నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అప్పుడప్పుడూ ఆగిపోయే బండి విషయంలో ఆధారం దొరికేది అది ఆగి ఉన్న ఆ పది, ఇరవై నిమిషాల్లోనే. ఇంజిన్ చల్లబడితే ఆధారమూ పోతుంది. అందుకే ఆ కాసేపట్లో ఏం చూడాలో ముందే తెలుసుకుని ఉండాలి.

ముందు బండిని పక్కకు తీయండి

రన్నింగ్‌లో ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. బ్రేక్ బూస్టర్‌లో (పెడల్‌కు బలం ఇచ్చే భాగం) మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు మాత్రమే బ్రేక్ మామూలుగా పడుతుంది. కాబట్టి పెడల్‌ను పదేపదే తొక్కి వదలకండి, ఒకేసారి గట్టిగా నొక్కి పట్టండి. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, బండికి ఉన్న ఊపుతోనే ఎడమవైపుకు రండి. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పారంటే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. హెబ్బాళ ఫ్లైఓవర్ లాంటి చోట ఆగితే ఏ పరీక్షలూ వద్దు. మనుషులను దించి గోడ పక్కన సురక్షితంగా నిలబెట్టి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

ఎలా ఆగిందో రాసుకోండి

డ్యాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఆగిన ప్రతిసారీ ఈ సంగతులు రాయండి: టైము, ఎంతసేపు నడిచాక ఆగింది, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, ట్యాంకులో పెట్రోల్ ఎంత, ఏసీ వేసి ఉందా, వాన పడుతోందా, సిగ్నల్ దగ్గరా లేక స్పీడులోనా, మళ్లీ ఎంతసేపటికి స్టార్ట్ అయింది. నాలుగుసార్లు రాశారంటే చాలావరకు దారి కనబడుతుంది. మా పుస్తకంలో నాలుగుసార్లూ మధ్యాహ్నమే, నాలుగుసార్లూ గంట దాటిన ట్రాఫిక్ తర్వాతే. పొద్దున ఒక్కసారి కూడా ఆగలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చచ్చిన తీరు. లైటు స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిందా? అయితే కరెంటు వైపు అనుమానించాలి: క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని బండిలోని కంప్యూటర్‌కు చెప్పేది), ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు ఇచ్చేది), మెయిన్ రిలే (కంప్యూటర్‌కు కరెంటు కలిపే స్విచ్), ఇగ్నిషన్ స్విచ్. కుదుపులతో, దగ్గుతూ, పికప్ పోయి మెల్లగా ఆగిందా? అయితే పెట్రోల్ అందడం లేదేమో చూడాలి. సిగ్నల్ దగ్గర మాత్రమే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పడిపోయి ఆగుతూ, స్పీడులో బాగుంటే గాలి దారిలో తేడా ఉండొచ్చు.

మీ కారులో ఆర్‌పీఎం మీటర్ ఉంటే దాన్ని గమనించండి. బండి ఇంకా గేర్‌లో ఉండి దొర్లుతూ ఉన్నా, అంటే చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉన్నా, ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిందంటే ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు అందడం లేదని అర్థం. క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెంచే గుర్తు ఇది.

ఆగి ఉన్నప్పుడు చేయాల్సినవి

బండి పక్కకు చేరాక కంగారుగా సెల్ఫ్ కొట్టకండి. తాళం ఆన్‌లో పెట్టి డ్యాష్‌బోర్డు చూడండి. లైట్లన్నీ మసకగా ఉన్నా, అసలు వెలగకపోయినా బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ వైర్, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. మిగతావన్నీ వెలిగి ఇంజిన్ గుర్తు లైటు ఒక్కటే వెలగకపోతే కంప్యూటర్‌కు కరెంటు అందడం లేదేమో. మెయిన్ రిలే, దాని ఫ్యూజ్ చూడండి.

తర్వాత చెవి పెట్టండి. చాలా ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు జుయ్‌మనే శబ్దం వస్తుంది. అది ఫ్యూయల్ పంప్. బండి బాగున్నప్పుడే ఒకసారి విని గుర్తుపెట్టుకోండి, లేకపోతే రోడ్డు మీద పోల్చుకోలేరు. శబ్దం రాకపోతే పంప్ ఫ్యూజ్, రిలే చూడండి. పక్కనే అదే నంబరుతో హారన్ రిలే ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడొచ్చు.

శబ్దం వస్తోందా? పెట్రోల్ మూత తీయండి. లోపలికి గాలి గట్టిగా లాగిన చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయిందన్నమాట. ఇంత చిన్న కారణానికి పంపులు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టి, ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందేమో చూడండి. అసలు లేవకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం ఇంకా పెరుగుతుంది. తర్వాత సైలెన్సర్ దగ్గర వాసన చూడండి. పచ్చి పెట్రోల్ వాసన వస్తే పెట్రోల్ అందుతోంది, స్పార్క్ లేదు. ఏ వాసనా లేకపోతే పెట్రోలే రావడం లేదేమో. స్పార్క్ చూడటానికి ప్లగ్ వైరు చేత్తో పట్టుకోవడం ఎవరు చెప్పినా చేయకండి. వేల వోల్టులు ఉంటాయి. మధ్యలో తగిలించే స్పార్క్ టెస్టర్ చవగ్గానే దొరుకుతుంది, జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి.

చివరగా, క్రాంక్ సెన్సర్ ఎక్కడుందో తెలిసి, చెయ్యి అందే చోట ఉంటే తడిగుడ్డ దాని మీద వేసి చల్లబరచండి. మామూలుగా ఇరవై నిమిషాలు పట్టే బండి మూడు నిమిషాలకే స్టార్ట్ అయితే దొంగ దాదాపు దొరికినట్టే. రేడియేటర్ ఫ్యాన్ తాళం తీసినా తిరగొచ్చు, చేతులు జాగ్రత్త.

ఇంటి దగ్గర చేయాల్సినవి

మల్టీమీటర్‌తో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసిన ఉప్పు కడిగేయండి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీని చేత్తో కదిలించి చూడండి. తర్వాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి, బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా, వైరింగ్ కప్లర్లను (వైర్లు కలిసే ప్లాస్టిక్ జాయింట్లను) ఒక్కొక్కటే మెల్లగా ఊపండి. తాళాన్ని కూడా అటూ ఇటూ కదపండి. ఎక్కడ ఇంజిన్ తడబడితే అక్కడ ఆగండి.

ఐడ్లింగ్ సమస్యకైతే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) పేరుకున్న కార్బన్, ఐడ్లింగ్‌లో గాలిని సరిచూసే ఐడిల్ వాల్వ్, పగిలిన వాక్యూమ్ పైపులు చూడండి. ఇరవై ఏళ్ల రబ్బరు చేత్తో వంచితేనే పగుళ్లు కనిపిస్తాయి. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకు అది పడదు. పెట్రోల్ పైపు చెమ్మగా ఉంటే అదే రోజు మార్చండి. వానల్లోనే ఆగితే రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైర్ల మీద నీలి మెరుపులు ఉన్నాయేమో చూడండి. కార్బొరేటర్ బండికి ఫ్లోట్ చాంబర్, జెట్లు శుభ్రం చేయించి, ఫ్యూయల్ ఫిల్టర్ మార్పిస్తే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

2010 తర్వాతి బీఎస్4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపం కోడ్ చదవొచ్చు. అంతకన్నా పాత బండికి ఆ కంపెనీ ప్రొటోకాల్ తెలిసిన మెకానిక్ స్కానర్ కావాలి. ఆగిన వెంటనే చదివించండి. బ్యాటరీ వైరు తీశారంటే కోడ్ చెరిగిపోవచ్చు.

మా బండి పుస్తకం చదివి ఆ పెద్దాయన క్రాంక్ సెన్సర్ ఊడదీసి నా చేతిలో పెట్టారు. మాది రెండు వైర్ల కాయిల్ రకం. బెంచీ మీద మల్టీమీటర్ తగిలిస్తే 850 ఓమ్స్ దాకా చూపింది. ఆయన హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి పట్టారు. అంకె మెల్లగా పెరుగుతూ వచ్చింది. నాలుగో నిమిషంలో అంకె మాయమై, లోపల తీగ తెగినట్టు చూపించింది. చల్లారాక మళ్లీ అంకె వచ్చేసింది. నాలుగు నెలల తలనొప్పి ఆ బెంచీ మీద కళ్లెదుట కనిపించింది. హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండే) సెన్సర్‌కు ఈ ఓమ్స్ పరీక్ష పనికిరాదు. దానికి నడుస్తున్న బండిలోనే సిగ్నల్ చూడాలి.

పార్టు మార్చాక, మునుపు ఆగిన పరిస్థితుల్లోనే బండిని నడపండి: అదే రూటు, అదే ఎండవేళ, అంతే పెట్రోల్, ఏసీ వేసి, కనీసం రెండు వారాలు. మళ్లీ ఆగితే, కొత్త పార్టు వేశాం కదా అని అటువైపు అనుమానం వదిలేయకండి. కప్లర్ వెనక ఒకటి రెండు అంగుళాల మేర వైర్లను వంచి, ఇన్సులేషన్ లోపల తెగాయేమో ముందు చూడండి.