టొయోటా టకోమాకు ఇంటి దగ్గరే లిఫ్ట్ కిట్ బిగించుకునే విధానం

పికప్ ట్రక్కు ఎత్తు రెండు మూడు అంగుళాలు పెరిగితే బాడీతో పాటు దాని కింద ఉన్న ప్రతి కోణమూ మారుతుంది. ముందు చక్రాలను పట్టుకునే ఆర్మ్‌లు, స్టీరింగ్ రాడ్లు, చక్రాలను తిప్పే షాఫ్టులు, బ్రేకు గొట్టాలు, చివరికి హెడ్‌లైట్ల వెలుగు దాకా అన్నీ కొత్త స్థానంలోకి వస్తాయి. అందువల్ల ఈ పనిలో బోల్టులు విప్పి బిగించడం కంటే, మారిన కోణాలను మళ్లీ దారికి తెచ్చుకోవడానికే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఇక్కడ చెప్పే పద్ధతి 2005 నుంచి 2023 వరకు అమెరికాలో అమ్ముడైన టొయోటా టకోమాకు, అంటే రెండో, మూడో తరం బండ్లకు వర్తిస్తుంది. వీటికి ముందువైపు పైఆర్మ్‌కూ కిందిఆర్మ్‌కూ మధ్య కాయిల్ స్ప్రింగు, దాని లోపల షాక్ అబ్జార్బర్ ఒకే ముక్కగా ఉండే కాయిలోవర్ ఉంటుంది. వెనకవైపు మన లారీలకు ఉన్నట్టే యాక్సిల్ మీద కమాను కట్టలు ఉంటాయి. 2024 మోడల్‌గా వచ్చిన నాలుగో తరంలో ఎక్కువ రకాలకు వెనక కూడా కాయిల్ స్ప్రింగులే ఇచ్చారు కనుక, కమాను కట్టల గురించి ఇక్కడ చెప్పేది వాటికి పనికిరాదు.

ఈ వ్యాసం చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో ఇదే పని చేయాలనుకునేవారు ముందుగా చట్టం సంగతి తెలుసుకోవాలి. మన శ్రీసిటీ కర్మాగారంలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కు కూడా ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలే ఉంటాయి కాబట్టి పని దాదాపు ఇలాగే ఉంటుంది. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అమెరికాలో ఎత్తు పరిమితులు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి కనుక మీ రాష్ట్రపు నిబంధన చూసుకుని, బీమా సంస్థకు మార్పు సంగతి తెలియజేసిన తరువాతే కిట్‌కు డబ్బు కట్టండి.

కిట్ ఎంపిక

చౌకగా దొరికే కిట్లలో కాయిలోవర్ పైన పెట్టే దళసరి బిళ్ల, అంటే స్పేసర్, మాత్రమే ఉంటుంది. ఇక్కడ చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది: ఒక అంగుళం మందం ఉన్న బిళ్ల పెడితే బండి దాదాపు రెండు అంగుళాలు లేస్తుంది. కాయిలోవర్ కిందికొస చక్రం దగ్గర కాక కిందిఆర్మ్ మధ్యభాగంలో బిగించి ఉంటుంది కాబట్టి అక్కడ జరిగిన కదలిక చక్రం దగ్గరకు వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. బిళ్ల వల్ల స్ప్రింగు గట్టితనం మారదు గాని, చక్రం మునుపటి కంటే ఎక్కువ కిందికి జారుతుంది. అప్పుడు పైఆర్మ్ కాయిలోవర్ గూటికి తగలడం, ఆర్మ్ కొసన ఉండే గుండ్రని కీలు, అంటే బాల్ జాయింటు, తన హద్దు దాటి వంగడం జరుగుతాయి. తారు రోడ్డు దిగని బండికి ఇది సరిపోవచ్చు. రాళ్ల దారుల్లో తిప్పేవారు మాత్రం ఈ ఎత్తుకు తగినట్టు తయారైన పూర్తి కాయిలోవర్లు, వాటితో పాటు కొత్త పైఆర్మ్‌లు కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

కాయిలోవర్లను స్ప్రింగుతో సహా ముందే కూర్చి అమ్మే కిట్‌నే తీసుకోండి. విడిగా కొంటే పాత స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి విప్పాల్సి వస్తుంది. అలా నొక్కి పెట్టిన స్ప్రింగు పట్టు తప్పితే మనిషి ప్రాణం తీయగలదు. ఈ ఒక్క పని మాత్రం ఇంట్లో చేయదగినది కాదు. కొనేటప్పుడు మరో చిన్న విషయం కూడా అడగండి: టకోమా సాధారణంగా డ్రైవరు వైపు కొద్దిగా వాలి ఉంటుంది. దాన్ని సరిచేయడానికి పావు అంగుళం పలుచని బిళ్ల ఒకటి డ్రైవరు వైపు కాయిలోవర్‌కు అదనంగా ఇస్తారు. మీ బండి ఎంత వాలిందో కొలిచి చూసుకున్న తరువాతే దాన్ని వాడాలి.

మూడు అంగుళాలకు మించి లేపాలనుకుంటే, ఇంజను శక్తిని ముందువైపు చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను, ఆర్మ్‌లను కూడా కిందికి దించే బ్రాకెట్లు కావాలి. అది వేరే స్థాయి పని, ఇంటి గ్యారేజీలో తలపెట్టకండి.

విప్పడానికి ముందు

2014లో టొయోటా 2005 నుంచి 2011 వరకు వచ్చిన టకోమాలలో దాదాపు 6,90,000 బండ్లను, కమాను పట్టీ విరిగి చుట్టుపక్కల భాగాలను గుచ్చే ప్రమాదం ఉందని వెనక్కి పిలిపించింది. ఆ కాలపు బండి మీదైతే, ఆ రిపేరు జరిగిందో లేదో బండి నంబరుతో చూసుకోండి. తుప్పు సంగతి అంతకంటే ముఖ్యం. 2005 నుంచి 2010 వరకు వచ్చిన టకోమాల ఫ్రేములు తుప్పు పట్టి బలహీనపడటం వల్లనే 2016లో టొయోటా పెద్ద కోర్టు రాజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఒహాయో, మిషిగన్ వంటి చోట్ల తిరిగిన బండి అయితే, కమాను కట్ట ముందు కొక్కెం ఉన్న చోట ఫ్రేమును సుత్తితో తట్టి చూడండి. ఖంగుమని మోగాలి. మెత్తగా బొద్దుమంటే, లేక పెచ్చులు రాలితే లిఫ్ట్ ఆలోచన అక్కడితో ఆపండి.

బండిని కాంక్రీటు నేల మీదే నిలపాలి. టెక్సస్ ఎండలో తారు నేల మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. మూడు టన్నుల ఫ్లోర్ జాకీ, అంతే బరువు మోసే నాలుగు స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, ఎంత బిగువుతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచి, పొడుగు బ్రేకర్ బార్, 12 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా సాకెట్లు, సుత్తి, రెండు బలమైన సీ-క్లాంపులు దగ్గర పెట్టుకోండి. చాలా కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాలు వాకిట్లో బండి రిపేర్లను ఒప్పుకోవు కనుక ఆ నియమం కూడా చూసుకోవడం మంచిది. తుప్పు వదిలించే నూనెను ముందురోజు రాత్రే ప్రతి బోల్టుకూ పట్టించాలి.

నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది కాబట్టి అది పనికిరాదు. ఆ తరువాత కిందిఆర్మ్ లోపలి బోల్టుల మీద ఉండే, చక్రాల కోణాన్ని సర్దే అలైన్‌మెంట్ కామ్‌ల స్థానాన్ని రంగు పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి.

ముందు భాగం

వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాల నట్లను బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. జాకీతో ముందు క్రాస్ మెంబరును లేపి, స్టాండ్లను ఫ్రేము కింద పెట్టండి. ఆర్మ్‌ల కింద పెడితే అవి కిందికి జారవు, పని ముందుకు సాగదు. చక్రాలు తీశాక, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్వే బార్ లింకులను రెండు వైపులా విప్పాలి. ఒకవైపే విప్పితే రెండోవైపు బార్ ఆర్మ్‌ను బిగబట్టి ఉంచుతుంది. బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ తీగనూ పట్టి ఉంచిన చిన్న బ్రాకెట్లను కూడా విడదీయండి. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను మాత్రం గొట్టానికి వేలాడనివ్వకూడదు.

స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కొస దగ్గర కాటర్ పిన్ను లాగి, నట్టును చివరి మరల దాకా వదులు చేసి, రాడ్ దూరిన నకిల్ (చక్రపు హబ్బును మోసే ఇనుప భాగం) చెవి పక్కభాగాన్ని సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు కొడితే అది ఊడివస్తుంది. చీలిక ఉన్న ఇనుప ఫోర్కుతో గుంజితే రబ్బరు తొడుగు చిరుగుతుంది. పైఆర్మ్ బాల్ జాయింటు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి. నట్టును పూర్తిగా తీయకుండా చివర ఉంచితే, జాయింటు విడిన క్షణంలో నకిల్ ధడేలుమని కింద పడదు. తరువాత నట్టు తీసి, నకిల్‌ను పట్టీతో ఫ్రేముకు కట్టి ఉంచండి. అది బయటికి ఒరిగిపోతే చక్రాన్ని తిప్పే సీవీ షాఫ్టు లోపలి జాయింటు ఊడుతుంది, బ్రేకు గొట్టం సాగుతుంది.

ఇప్పుడు కాయిలోవర్ కిందిబోల్టును తీసి, ఆ తరువాత పైన చుట్టూ ఉన్న మూడు నట్లను విప్పాలి. ఆ మూడింటి నడుమ ఒంటరిగా ఒక పెద్ద నట్టు కనిపిస్తుంది. స్ప్రింగును నొక్కిపట్టి ఉంచేది అదే. దాని మీద రెంచి పెట్టనే వద్దు. కాయిలోవర్ బయటికి వచ్చాక, కొత్తదాన్ని కింది నుంచి పైకి దూర్చి మూడు నట్లను వేళ్లతోనే ఎక్కించండి. కొత్తది పొడుగుగా ఉంటుంది కనుక కిందిఆర్మ్‌ను గడ్డపారతో కిందికి నొక్కవలసి రావచ్చు. ఆ సమయంలో బోల్టు రంధ్రాల దగ్గర వేళ్లు ఉండకూడదు. రంధ్రం సరిపడిందో లేదో స్క్రూ డ్రైవరు దూర్చి చూసుకోవాలి.

పైఆర్మ్ మార్చేవారికి ఒక చికాకు ఎదురవుతుంది. దాన్ని పట్టిన బోల్టు ఆర్మ్ ఈ చివర నుంచి ఆ చివరకు సాగే ఒకే పొడుగు బోల్టు, దాన్ని బయటికి లాగుతుంటే లోపలి ఫెండర్ రేకు అడ్డు తగులుతుంది. ఆ రేకు అంచును సర్దుబాటు రెంచితో కొద్దిగా వంచి దారి చేసుకోవడం అందరూ చేసే పనే; వంచిన చోట రంగు లేస్తే తుప్పు పట్టకుండా మళ్లీ పూయండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ముందు డిఫరెన్షియల్‌ను అంగుళం దించే బిళ్లలు కొన్ని కిట్లలో వస్తాయి. రెండున్నర అంగుళాల లోపు లిఫ్ట్‌కు వాటి వల్ల పెద్ద ప్రయోజనం కనిపించదు.

వెనక భాగం

ఫ్రేము కింద స్టాండ్లు పెట్టి, జాకీని యాక్సిల్ కింద ఆనించి దాని బరువు మోయించాలి. షాక్ అబ్జార్బర్ల కిందిబోల్టులు విప్పాక, కమాను కట్టను యాక్సిల్‌కు బిగించే యూ-బోల్టులను ఒకసారి ఒక్క వైపే తీయండి. రెండు వైపులా తీస్తే యాక్సిల్ పక్కకు జారి తిప్పలు పెడుతుంది. జాకీని నెమ్మదిగా దించుతూ బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబుల్, యాక్సిల్ గాలిగొట్టం సాగుతున్నాయేమో గమనిస్తూ ఉండాలి.

అదనపు పట్టీ వేసే కిట్ అయితే, కట్టకు సెంటర్ బోల్టు ఇరుపక్కలా సీ-క్లాంపులు బిగించిన తరువాతే ఆ బోల్టు విప్పండి. క్లాంపు లేకుండా విప్పితే పట్టీలు ఎగిరి తగులుతాయి. కొత్త పట్టీని పొడవు వరసలో దాని చోట పెట్టి, కిట్‌తో వచ్చిన పొడుగు సెంటర్ బోల్టు బిగించి, మిగిలిన కొసను కోసేయాలి. ఆ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చుంటేనే యాక్సిల్ నేరుగా ఉంటుంది. పాత యూ-బోల్టులను మళ్లీ వాడకండి; ఒకసారి బిగింపుకు సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవు. కొత్తవాటిని ఎదురెదురు మూలల వరసలో, మూడు నాలుగు విడతలుగా బిగించాలి. కమాను కట్టకూ యాక్సిల్‌కూ మధ్య దిమ్మలు పెట్టి లేపే కిట్ అయితే దిమ్మ మీద దిమ్మ ఎన్నడూ పెట్టవద్దు. పట్టీ ఒకటి పెరిగినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకెలే అప్పుడూ వర్తిస్తాయి.

బిగింపు ఎప్పుడు, ఎలా

ఇళ్లలో చేసిన లిఫ్ట్‌లలో కొద్ది నెలలకే కీచుకీచు మొదలవడానికి చాలాసార్లు ఇక్కడే కారణం దొరుకుతుంది. ఆర్మ్‌లలోనూ కమాను కట్ట కళ్లలోనూ ఉండే రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. అది జారదు, మెలి తిరుగుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, తడిగుడ్డ పిండినట్టు ఎల్లప్పుడూ అదే స్థితిలో ఉండిపోతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది, ఈలోగా బండి ఎత్తు కూడా తప్పు చూపిస్తుంది. కాబట్టి గాలిలో ఉన్నప్పుడు ఆ బోల్టులను సగం బిగువుకే ఉంచి, చక్రాలు తగిలించి, బండిని నేలకు దించి, నాలుగు మూలలా పది పదిహేనుసార్లు నొక్కి ఊపి, కాస్త ముందుకూ వెనక్కూ నడిపిన తరువాత సర్వీసు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించాలి. గ్రీజు పెట్టే పాలీయురెథేన్ బుష్‌లకు ఈ ఇబ్బంది లేదు, అవి గొట్టం మీద జారుతాయి. బాల్ జాయింటు, టై రాడ్ నట్లను మాత్రం ముందే పూర్తిగా బిగించి కాటర్ పిన్నులు వేయవచ్చు. పాత పిన్నులు కాక కొత్తవే వాడండి. చక్రాల నట్లను నక్షత్రం వరసలో 83 ఫుట్ పౌండ్లకు, అంటే దాదాపు 113 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

స్టీరింగును ఒక కొస నుంచి రెండో కొస దాకా తిప్పి, బ్రేకు గొట్టాలు దేనికీ రాసుకోవడం లేదని, టైరు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. ఆ తరువాత నెమ్మదిగా నడుపుతూ నేరుగా అలైన్‌మెంట్ షాపుకు వెళ్లాలి. ఎత్తు పెరిగితే కాస్టర్ కోణం, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, తగ్గుతుంది, అది తగ్గితే హైవే మీద స్టీరింగు పట్టు సడలినట్టు తేలుతుంది. కంపెనీ ఇచ్చిన కామ్‌లకు ఆ లోటు పూడ్చేంత సర్దుబాటు చాలాసార్లు ఉండదు, కొత్త పైఆర్మ్‌లు కొనమన్నది అందుకే. కొలతల ప్రింటు అడిగి తీసుకుని, రెండు వైపుల కాస్టర్ అంకెలు చూసుకోండి. 2018 నుంచి వచ్చిన టకోమాలకు కెమెరా, రాడార్లతో పనిచేసే భద్రతా వ్యవస్థ ఉంటుంది. వాటి గురి కూడా షాపులో సరిచేయించాలి.

నిలిచిన చోటు నుంచి బండి కదిలేటప్పుడు కింద గరగరమనే అదురు మొదలైతే, రెండు ముక్కల డ్రైవ్ షాఫ్టు నడిమి బేరింగు కోణం తప్పిందని అర్థం. ఆ బేరింగు బ్రాకెట్ కింద పెట్టే బిళ్లలు దొరుకుతాయి, వాటితో చాలా బండ్లలో అదురు పోతుంది. హెడ్‌లైట్లను 25 అడుగుల దూరంలోని గోడ మీద సరిచూసి, ఎదురు బండ్ల కళ్లలో పడకుండా కిందికి దించండి. 500 మైళ్లు నడిచాక యూ-బోల్టులు, కాయిలోవర్ బోల్టులు, పైఆర్మ్ బోల్టులన్నిటి మీద మళ్లీ టార్క్ రెంచి పెట్టి చూడాలి. యూ-బోల్టులు కొద్దిగా తిరగడం మామూలే.