విరిగిన కిటికీ, ఊడిన తలుపు: అత్యవసరంగా మూయడం ఎలా? 3వ పాఠం: స్క్రూ పట్టని గోడ

రెండో పాఠంలో చట్రం గట్టిగా ఉన్న కిటికీకి ప్లైవుడ్ పలకను స్క్రూలతో బిగించడం నేర్చుకున్నాం. ఆ పద్ధతి పని చేయాలంటే స్క్రూ కొరికి పట్టుకోవడానికి మంచి చెక్కో, గట్టి కాంక్రీటో ఉండాలి. పల్లెల్లోని పాత ఇళ్ళల్లో, పొలం దగ్గరి కొట్టాల్లో సరిగ్గా అదే దొరకదు. చట్రాన్ని చెదలు తినేసి ఉంటాయి. గోడ మట్టిదో, మట్టి అడుసుతో పేర్చిన రాళ్ళదో అయి ఉంటుంది. డ్రిల్ పెడితే పొడి రాలుతుంది. స్క్రూ ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇంకాస్త పొడుగు స్క్రూ తెస్తే ఆగుతుందనుకుంటారు చాలామంది. గోడలోనే పట్టు లేనప్పుడు ఏ స్క్రూ తెచ్చినా ఆగదు.

అలాంటి గోడకు ఈ పాఠంలో వేరే దారి చూద్దాం. గోడలోకి ఏమీ దిగగొట్టం. బయట పలక, లోపల అడ్డపట్టెలు పెట్టి, రెంటినీ కిటికీ ఖాళీలోంచి పోయే బోల్టులతో దగ్గరికి లాగుతాం. తీగమీద బట్టను క్లిప్పు పట్టుకున్నట్టు గోడ మధ్యలో ఇరుక్కుంటుంది.

ముందు పోయినసారి ఇచ్చిన పని సంగతి. ప్రతి కిటికీకీ మూల నుంచి ఎదురు మూలకు రెండు కొలతలు తీసి రాసుకోమన్నాను. రెండూ సమానంగా ఉంటే కిటికీ మూలమట్టంగా ఉన్నట్టు. పాత ఇళ్ళల్లో అర అంగుళం తేడా మామూలే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. కానీ గాలివాన తర్వాత కొలిచినప్పుడు తేడా మునుపటికన్నా పెరిగిందంటే గోడ కదిలిందని అర్థం. లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డదూలం) కిందికి వంగినా, దాని మీద కొత్త పగులు కనిపించినా ఆ కిటికీ కింద నిలబడి ఏ పనీ చేయకండి. పైబరువుకు ఆసరా పెట్టించాకే పలక సంగతి. ఆ రోజు కొలతలు రాసుకోనివాళ్ళు ఇప్పుడైనా రాసి పెట్టుకోండి. పాత కొలత లేకపోతే పోల్చి చూడటానికి ఏమీ ఉండదు.

ఇక గాలి లెక్క. పొలాల మధ్య ఉన్న ఇంటికి చుట్టుపక్కల గోడల చాటు ఉండదు కాబట్టి ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరుకు సుమారు 48 కిలోల బరువు మోపినంత తోపుడు ఉంటుంది. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న కిటికీ మీద అది 70 కిలోలు. వేగం 150కి చేరితే 160 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, తోపుడు మాత్రం రెండింతలు దాటింది. వేగాన్ని వేగంతోనే హెచ్చించినట్టుగా తోపుడు పెరుగుతుంది మరి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. గాలి వచ్చే వైపు కిటికీని లోపలికి తోస్తుంది, అటు వెనక వైపు కిటికీని బయటికి లాగుతుంది. అందుకే లోపలి నుంచి బల్లో మంచమో అడ్డం పెట్టేసి హమ్మయ్య అనుకుంటే సగం పనే అయినట్టు. మన పద్ధతిలో గాలి లోపలికి తోస్తే పలక బయటి గోడకు ఆనుకుంటుంది, బయటికి లాగితే అడ్డపట్టెలు లోపలి గోడకు ఆనుకుంటాయి. రెండువైపులా ఆపేది గోడే. గాలి వచ్చే వైపు కిటికీ ఒక్కటి తెరుచుకుపోయినా లోపల చేరిన గాలి పైకప్పును కింద నుంచి ఎత్తుతుంది. రేకుల ఇళ్ళకు ఇది మరీ ప్రమాదం. కాబట్టి టైమ్ తక్కువుంటే గాలి వచ్చే వైపు కిటికీలతోనే మొదలుపెట్టండి.

సామాను విషయానికొద్దాం. ప్లైవుడ్ 18 ఎంఎం మందం ఉంటే మంచిది. రెండడుగుల లోపు చిన్న కిటికీకి 12 ఎంఎం చాలు. నీటిని తట్టుకునే రకం తీసుకోండి. రంపపు పొట్టుతో చేసిన బోర్డు తడిస్తే ఉబ్బి ముక్కలుగా ఊడిపోతుంది, దాన్ని వాడొద్దు. 8×4 అడుగుల 18 ఎంఎం షీటు బరువు 30 కిలోలు దాటుతుంది. గాలి వీస్తుండగా దాన్ని ఎత్తితే తెరచాప పట్టుకున్నట్టే, మనిషినే పడేస్తుంది. కోతలన్నీ లోపలే ముగించుకుని, గాలి తగ్గాకే ముక్కను బయటికి తేవాలి.

అడ్డపట్టెలకు 4×2 అంగుళాల కర్ర కావాలి. పగుళ్ళు, పెద్ద ముడులు ఉన్నది వద్దు. పలచగా ఉన్న గోడలకు 10 ఎంఎం క్యారేజ్ బోల్టు అన్నిటికన్నా మేలు. దాని తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి బయటి నుంచి స్పానర్‌కు చిక్కదు. తల కింద మెడ నలుచదరంగా ఉంటుంది, సుత్తితో కొడితే చెక్కలోకి దిగి బోల్టు తిరగకుండా ఆపుతుంది. కానీ అడుగున్నర రాతిగోడకు సరిపోయే పొడవులో ఇవి దొరకడం కష్టం. అప్పుడు పొడవునా మరలున్న థ్రెడ్ రాడ్ తెచ్చి కావలసినంత కోసుకోవాలి. రాడ్‌కు బయట కూడా నట్టే వేస్తాం కాబట్టి దాన్ని ఎవరైనా విప్పగలరు. బయటి నట్టు బిగించాక రాడ్ కొసను సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి మరలు చెడగొట్టండి. మనం విప్పుకోవాల్సి వస్తే లోపలి నట్టు ఉండనే ఉంది.

రాడ్ పొడవు ఎంత? ఎక్కువమంది తప్పేది ఈ లెక్క దగ్గరే. ఉదాహరణకు ప్లైవుడ్ 18 ఎంఎం, పూతతో కలిపి గోడ 350 ఎంఎం, అడ్డపట్టె 50 ఎంఎం. రెండు కొసల్లో వాషర్లకు, నట్లకు కలిపి 40 ఎంఎం అనుకోండి. మొత్తం 458. కాస్త మిగులు ఉండేలా 470 దగ్గర కోస్తే మీటరు రాడ్‌లో రెండొస్తాయి. గోడ మందాన్ని ఒక్క చోటే కొలిచి ఊరుకోకండి. రాతిగోడ ఒక పక్కన 14 అంగుళాలుంటే ఇంకో పక్కన 16 ఉండొచ్చు. నాలుగు మూలల్లో కొలిచి పెద్దదే లెక్కలోకి తీసుకోండి. పొడవైతే కోసుకోవచ్చు, పొట్టిదైతే చేయగలిగిందేమీ లేదు.

ఇప్పుడు పని. కిటికీ ఖాళీ మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అనుకుందాం. పలక ప్రతి వైపూ నాలుగంగుళాలు ఎక్కువుండాలి, అంటే మూడడుగుల ఎనిమిది అంగుళాలు × నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. పైన సన్‌షేడ్ అడ్డొస్తే పలక పైఅంచు దాని కిందికి తాకేలా కోయండి. కింద గట్టు ముందుకు వచ్చి ఉంటే పలకను దానిమీదే నిలబెట్టొచ్చు, బరువు మోసే బాధ తప్పుతుంది. లోపలి అడ్డపట్టెలు గోడమీద అటొక అడుగు, ఇటొక అడుగు ఆనేలా ఐదడుగులు ఉండాలి. ఒకటి పైనుంచి అడుగు కింద, రెండోది కిందనుంచి అడుగు పైన. ఒక్కో పట్టెకు రెండు బోల్టులు చాలు. కిటికీ ఐదడుగుల ఎత్తు దాటితే మూడో పట్టె వేయండి.

రంధ్రాలు కిటికీ పక్క అంచులకు ఆరంగుళాలు లోపలికి ఉండాలి. ఊచలుంటే వాటి మధ్య ఖాళీలో పడేలా గుర్తు పెట్టుకోండి. ముందు పలకకు 11 ఎంఎం బిట్‌తో రంధ్రాలు వేసి, ఆ పలకనే అడ్డపట్టెల మీద పరిచి గుర్తులు దించుకోండి. విడివిడిగా కొలిచి వేస్తే నాలుగింటిలో ఒకటైనా కలవదు. పట్టెలకు మాత్రం 13 ఎంఎం రంధ్రం వేస్తే కొంచెం అటూఇటూ అయినా బోల్టు దూరుతుంది.

బోల్టులను కింద ఉన్నప్పుడే పలకలోకి కొట్టి, తలలమీద టేపు అంటించాలి. తర్వాత పలకను ఎత్తి, బోల్టులు ఖాళీలోంచి లోపలికి వచ్చేలా పెట్టాలి. ఇద్దరుంటే బయటివాళ్ళు పలకను గోడకు నొక్కుతుంటే లోపలివాళ్ళు పట్టె ఎక్కించి, పెద్ద వాషర్ వేసి, నట్టు తిప్పుతారు. ఒక్కరే ఉంటే? పలక మధ్యలో అరచేయంత దూరంలో రెండు రంధ్రాలు వేసి గట్టి తాడు దూర్చండి. రెండు కొసలూ లోపలికి వదిలి, పలకను గట్టుమీద నిలబెట్టి, పడకుండా బయట ఒక కర్ర ఆనించండి. లోపలికి వెళ్ళి, కిటికీకి అడ్డంగా లోపలి గోడకు ఆనేలా ఒక పొడుగాటి కర్ర పెట్టి, తాడును దానికి కట్టి, తాడు రెండు పేటల మధ్యలో చిన్న పుల్ల పెట్టి మెలేయండి. మెలిక పడేకొద్దీ పలక గోడకు అతుక్కుంటుంది. నాలుగు నట్లూ పడ్డాక తాడు తీసేయొచ్చు. ఆ రెండు రంధ్రాలు గాలి ఆడటానికి పనికొస్తాయి.

నట్లను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించకండి. నాలుగింటినీ చేత్తో తిరిగేదాకా తిప్పి, తర్వాత స్పానర్‌తో ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించాలి. పలకను అరచేత్తో చరిస్తే గలగలమనకూడదు, అంతవరకు చాలు. మట్టిగోడైతే పట్టె కింద వెడల్పాటి చెక్క ముక్కలు పెట్టండి. లేదంటే పట్టె అంచు గోడలోకి దిగిపోతుంది. గోడ నానిపోయి వేలితో నొక్కితే లోపలికి పోతుంటే ఈ పద్ధతి కూడా వద్దు. ఆరేదాకా టార్పాలిన్‌తో నెట్టుకురావడం నయం. కర్ర తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే నాలుగు రోజులకోసారి నట్లు చూసుకోండి.

కిటికీ మూడడుగులకన్నా వెడల్పైతే బయట కూడా పలకమీద అడ్డపట్టెలు వేయడం మంచిది, అప్పుడు బోల్టు లెక్కకు ఇంకో 50 ఎంఎం కలపాలి. ఐదారడుగుల కొట్టం కిటికీలకు 4×2 పట్టెను పడుకోబెట్టకుండా, రెండంగుళాల అంచు గోడకు ఆనేలా నిలబెట్టండి. అదే కర్ర నిలబెడితే నాలుగోవంతే వంగుతుంది. బోల్టు పొడవులో 50 బదులు 100 వేసుకోవడం మరిచిపోకండి.

ప్లైవుడ్ లేకపోతే పాత తలుపు రెక్క, అడ్డంగా బద్దీలు పెట్టి మేకులతో కలిపిన చెక్కలు, ఇనప రేకు, ఏదైనా ఈ పద్ధతికి సరిపోతుంది. రేకైతే బయట కూడా పట్టెలు తప్పవు, లేకపోతే గాలికి చిరుగుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాటిని కోయొద్దు, డ్రిల్ చేయొద్దు.

నీళ్ళ గురించి రెండు మాటలు. రాతిగోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి పలక వెనక సందులు మిగులుతాయి. పైన, రెండు పక్కల పాత రబ్బరు ట్యూబు ముక్కలు పెట్టి బిగించండి. గుడ్డలు, గోనెసంచులు పెడితే నీళ్ళు పీల్చి గోడను తడుపుతాయి. కింద అంచు మాత్రం మూయకండి, ఎలాగో లోపలికి చేరిన నీళ్ళు అక్కడినుంచే పోవాలి. కోసిన అంచులకు ఏదైనా పెయింటు పూయండి, ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచుల్లోంచే. ఎక్కువ రోజులు మూసి ఉంచే ఇల్లయితే బూజు పట్టకుండా పైన రెండు, కింద రెండు 25 ఎంఎం రంధ్రాలు వేసి లోపలివైపు సన్నటి ఇనప జాలీ కొట్టండి. జాలీ కన్ను 6 ఎంఎంకన్నా చిన్నదిగా ఉండాలి, చిట్టెలుక అంత సందులోంచి కూడా దూరిపోతుంది. ఎలుక వచ్చిన చోటికి పాము రావడం పొలం దగ్గర కొత్తేమీ కాదు.

మనుషులు ఉంటున్న ఇంట్లో అన్ని కిటికీలూ ఇలా మూసేయకూడదు. నిప్పంటుకుంటే స్పానర్ వెతుక్కునే టైమ్ ఉండదు. పడుకునే ప్రతి గదిలో, మనిషి బయటపడగలిగే తలుపో కిటికీయో ఒకటి ఏ పనిముట్టూ లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి. దాన్ని మూయక తప్పకపోతే ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. అలాగే మూసిన ఇంట్లో జనరేటర్, బొగ్గుల కుంపటి పెట్టకండి. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఖాళీ ఇంటికైతే ఇంకో చిక్కు ఉంది. నట్లన్నీ లోపల ఉంటాయి, మరి బిగించినవాళ్ళు బయటికి రావడం ఎలా? కాబట్టి బయటికి వచ్చే తలుపు ఏదో ముందే తేల్చుకుని, దానికి దూరంగా ఉన్న గది నుంచి దగ్గరికి వస్తూ పని చేయాలి. ఆ చివరి తలుపుకు బయటినుంచి తాళం పడాలి. అదే విరిగి ఉంటే ఏం చేయాలో, మూడు బందులతో ప్లైవుడ్ రెక్క ఎలా వేలాడదీయాలో నాలుగో పాఠంలో చేద్దాం.

ఈలోగా చేయాల్సిన పని:

1. మీ ఇంట్లోనో కొట్టంలోనో ఒక కిటికీని ఎంచుకుని నాలుగు మూలల్లో గోడ మందం కొలవండి. 18 ఎంఎం పలకకు, పడుకోబెట్టిన అడ్డపట్టెకు రాడ్ పొడవు లెక్కేయండి.

2. అదే కిటికీకి బయట కూడా పట్టెలు వేసి, లోపలి పట్టెను నిలబెడితే రాడ్ ఎంత పెరుగుతుంది? (100 ఎంఎం రావాలి. 50 వచ్చిందంటే రెంటిలో ఒకదాన్ని మరిచిపోయారు.)

3. ఇంటి పటం గీసి, గాలి ఎక్కువగా వచ్చే వైపు బాణం గుర్తు పెట్టి, కిటికీలకు మూసే వరుసలో అంకెలు వేయండి. చివరి తలుపును గుండ్రంగా చుట్టి, అది ఎటు తెరుచుకుంటుందో, లోపలికో బయటికో, పక్కన రాయండి. నాలుగో పాఠం మొదలయ్యేది అక్కడినుంచే.